వేపకాయంత వెర్రి ఎప్పుడు జబ్బవుతుంది?

"డాక్టరుగారూ! మా వారికి నలభై ఒక్క ఏళ్ళు. మంచి ఉద్యోగం. తాగుడు లేదు, సిగరెట్టు లేదు, పరాయి వ్యవహారాలు లేవు. కాని ఇంట్లో ప్రతి వస్తువూ ఆయన పెట్టిన చోటే ఉండాలి. పప్పు డబ్బా మీద అంటించిన చీటీ బయటికి కనపడేట్టు తిరిగి ఉండాలి. రాత్రి పది గంటలకు ఆ రోజు ఖర్చంతా లెక్క చెప్పాలి. అయిదు రూపాయలు తేడా వస్తే అది తేలేవరకు ఇంట్లో ఎవరూ పడుకోవడానికి వీల్లేదు. నాన్న వస్తున్నాడంటే పిల్లలు పుస్తకాలు సర్దుకుంటారే గాని గుమ్మంలోకి ఎదురు వెళ్ళరు. మా తమ్ముడు ఫోనులో ఏదో చదివి 'బావకి పర్సనాలిటీ డిజార్డర్ అక్కా, అది పోయేది కాదు, నీ దారి నువ్వు చూసుకో' అంటున్నాడు. మా అత్తగారేమో 'మావాడు చిన్నప్పట్నించీ పద్ధతైన మనిషి, నీకే పద్ధతి లేదు' అంటున్నారు. ఇంతకీ మా వారిది స్వభావమా, జబ్బా? నేను సర్దుకుపోవాలా, వైద్యం చేయించాలా?"

కోస్తా జిల్లాలోని ఒక చిన్న ఊరి నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం ఇది. పేరూ ఊరూ వెయ్యవద్దన్నారు, వెయ్యడం లేదు. ఆమె అడిగిన ప్రశ్న ఆమె ఒక్కరిదే కాదు. మొగుడి గురించి పెళ్ళాం, కోడలి గురించి అత్త, కొడుకు గురించి తండ్రి ఇదే ప్రశ్న వేస్తూ రాసిన ఉత్తరాలు నా దగ్గర చాలా ఉన్నాయి. అంచేత ఈ వారం అందరికీ కలిపి జవాబు చెబుతాను. నేను మానసిక వైద్య నిపుణుణ్ణి కాను. ఎం.బి.బి.ఎస్. చదివి, దాదాపు ముప్ఫై ఏళ్ళుగా ప్రభుత్వాసుపత్రులలో అన్ని రకాల రోగుల్నీ చూస్తున్నవాణ్ణి. తెలిసినంతవరకు చెప్పి, తెలియనిచోట నిపుణుల దగ్గరికి పంపడమే నా పని.

ప్రతి మనిషికీ వేపకాయంత వెర్రి ఉంటుందని మన పెద్దలు ఏనాడో అన్నారు. అందులో చాలా వైద్యం ఉంది. ఆ వేపకాయ ఎప్పటిదాకా వేపకాయ, ఎప్పుడు జబ్బు అన్నదే ఇవాళ్టి విషయం.

స్వభావం అంటే ఏమిటి?

మన భాషలో మనిషి తీరును చెప్పే మాటలకు కొదవ లేదు. పిసినారి, మొహమాటస్తుడు, నోటిదురుసు మనిషి, అనుమానపు పక్షి, చాదస్తుడు, గుంభనగా ఉండేవాడు, దూకుడు మనిషి - ఇలా ఎన్నయినా చెప్పవచ్చు. 1936లో గోర్డన్ ఆల్‌పోర్ట్, హెన్రీ ఆడ్‌బర్ట్ అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఇంగ్లీషు నిఘంటువు ముందు వేసుకుని ఇలాంటి మాటలన్నీ ఏరితే దాదాపు 18 వేలు తేలాయి. ఆ తరవాతి వారు వాటిని వడగట్టగా వడగట్టగా చివరికి అయిదు ముఖ్యగుణాలు మిగిలాయి. ఒకటి, ఊరికే ఆందోళన పడే గుణం. రెండు, నలుగురిలో కలిసే గుణం. మూడు, కొత్త సంగతుల మీద ఆసక్తి. నాలుగు, ఎదుటివారి పట్ల మెత్తదనం. అయిదు, పద్ధతి, క్రమశిక్షణ.

ఈ అయిదూ మీలోనూ ఉన్నాయి, నాలోనూ ఉన్నాయి. ఎత్తు లేని మనిషి ఉండడు గదా! ఒకడు అయిదడుగులు, మరొకడు ఆరడుగులు. గుణాలూ అంతే. ఎక్కువమంది మధ్యలో ఉంటారు, కొద్దిమంది ఈ చివరా ఆ చివరా ఉంటారు. కవల పిల్లల మీద జరిగిన పరిశోధనలను బట్టి, ఈ గుణాలలో మనిషికీ మనిషికీ కనిపించే తేడాలో సుమారు 40 నుంచి 50 శాతం పుట్టుకతో వచ్చేదని శాస్త్రజ్ఞుల అంచనా. మిగిలింది పెరిగిన తీరు, పడిన కష్టం, తిరిగిన సావాసం కలిసి చేసేది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతోగాని పోదంటారు. అది సగమే నిజమన్నమాట.

క్షయ లాంటిది కాదు, రక్తపోటు లాంటిది

జబ్బులలో రెండు రకాలు ఉన్నాయి. క్షయ వంటిది ఒక రకం. బయటినుంచి ఒక క్రిమి వస్తుంది, జబ్బు చేస్తుంది. ఆరోగ్యవంతుడి ఒంట్లో లేనిదేదో రోగి ఒంట్లో ఉంటుంది. రక్తపోటు రెండో రకం. రక్తపోటు లేనివాడు బతికే ఉండడు. అది అందరికీ ఉండవలసిందే. అది ఒక మేరకు మించితే జబ్బు అంటున్నాం. మామూలుగా 140/90 దగ్గర గీత గీశాం. అంతమాత్రాన 138 ఉన్నవాడు ఒక జాతి, 142 ఉన్నవాడు వేరే జాతి కాదు. ఆ గీత దాటినవాళ్ళకు గుండెకూ, మెదడుకూ ముప్పు ఎక్కువవుతుంది గనక వైద్యులు అక్కడ గీశారు.

వ్యక్తిత్వ రుగ్మత, అంటే మీరు ఇంగ్లీషులో వింటున్న పర్సనాలిటీ డిజార్డర్, ఈ రెండో రకానికి దగ్గర. అది ఎక్కడినుంచో వచ్చి మనిషిని పట్టుకునేది కాదు. మనందరిలో ఉన్న గుణాలే ఒక మనిషిలో మితిమీరి, బిగుసుకుపోయి, అతన్నీ అతని చుట్టూ ఉన్నవాళ్ళనీ బాధపెట్టడమే రుగ్మత. జర్మనీ దేశపు మానసిక వైద్యుడు కుర్ట్ ష్నైడర్ 1923లోనే ఈ మాట చెప్పాడు. సగటుకు దూరంగా ఉన్నంతమాత్రాన మనిషి రోగి కాడు. ఆ తేడావల్ల తాను బాధపడుతున్నా, సమాజాన్ని బాధపెడుతున్నా అప్పుడే వైద్యుడు పట్టించుకోవాలి అన్నది ఆయన చెప్పినదాని సారాంశం.

అయితే రక్తపోటుకున్న సుఖం ఇక్కడ లేదు. పట్టీ కట్టి, అంకె చదివి చెప్పే యంత్రం స్వభావానికి లేదు. పైగా గుణం ఎంత ఉందన్నది ఒక్కటే చూస్తే పొరపాటు పడతాం. ఎందుకో ఒక ఉదాహరణ చెబుతాను.

ఇద్దరు ఉద్యోగులు

నేను ఒక జిల్లా కేంద్రంలో పనిచేసే రోజుల్లో ఒకే ఆఫీసులోని ఇద్దరు లెక్కల గుమాస్తాలు నా దగ్గరికి వైద్యానికి వచ్చేవారు. ఆనవాళ్ళు మార్చి చెబుతున్నాను. ఇద్దరూ పద్ధతిలో ఒకరిని మించినవారు ఒకరు. చొక్కా జేబులో రెండు పెన్నులు, మడత నలగని రుమాలు, మందుల చీటీలన్నీ తేదీలవారీగా గుచ్చిన ఫైలు. వాళ్ళ లెక్కలో తప్పు పట్టిన ఆడిటరు లేడని ఆఫీసులో చెప్పుకునేవారు.

మొదటాయన కూతురి పెళ్ళికి నేనూ వెళ్ళాను. వారం రోజులపాటు కాగితం మీద గీసుకున్న ఏర్పాట్లన్నీ సరిగ్గా ముహూర్తానికి ముందు వచ్చిన గాలివానకు ఎగిరిపోయాయి. పందిరి కూలింది. వంటలు తడిశాయి. ఆయన ఒక్క అయిదు నిమిషాలు తల పట్టుకు కూర్చున్నాడు. తరవాత లేచి, పంచె ఎగ్గట్టి, పక్కనున్న బడి వరండాలోకి విస్తళ్ళు మార్పించి, తానే సాంబారు బకెట్టు పట్టుకుని వడ్డించాడు. "లెక్క తప్పింది డాక్టరుగారూ, పెళ్ళి తప్పలేదు" అని నవ్వాడు.

రెండో ఆయన కూతురి పెళ్ళిలో గాలీ లేదు, వానా లేదు. శుభలేఖలో ఒక అక్షరం తప్పు పడింది. అయిదు వందల కార్డులూ మళ్ళీ అచ్చు వేయించాడు. ప్రెస్సువాడితో పోట్లాట పెట్టుకున్నాడు. కొందరికి కార్డులు పెళ్ళి అయ్యాక అందాయి. వియ్యంకుడు భోజనాల వరస మార్చాడని పెళ్ళిపందిట్లో మాటా మాటా పెరిగి, వాళ్ళ తరఫు బంధువులు చాలామంది తినకుండా వెళ్ళిపోయారు. నాలుగు రోజుల తరవాత ఆయన నా ముందు కూర్చున్నప్పుడు రక్తపోటు పై అంకె 180 ఉంది. "నా తప్పేముంది చెప్పండి? అంతా సవ్యంగా జరగాలనేగా నా తాపత్రయం!" అన్నాడు. వెనక నిలబడ్డ భార్య నేల చూపులు చూస్తోంది.

పద్ధతి అన్న గుణాన్ని తూకం వేస్తే ఇద్దరిలో పెద్ద తేడా ఉండదు. తేడా ఒక్కటే. మొదటాయన గుణం అవసరమైనప్పుడు వంగింది. రెండో ఆయనది వంగలేదు. తాటిచెట్టు ఎంత ఎత్తున్నా గాలికి ఊగుతుంది గనక నిలబడుతుంది. ఊగని స్తంభం విరుగుతుంది, పక్కవాళ్ళ మీద పడుతుంది. మనిషి స్వభావంలో చూడవలసింది ఇదే.

మీకు మీరు వేసుకోవలసిన ప్రశ్నలు

ఒకరిని రోగి అనేముందు ఈ నాలుగు ప్రశ్నలు వేసుకోండి.

మొదటిది, ఎప్పటినుంచి? వ్యక్తిత్వ రుగ్మత యుక్తవయసు నాటికి, లేదా ఆ తరవాత కొద్దికాలానికి తల ఎత్తుతుంది. ఏళ్ళ తరబడి అదే ధోరణి సాగుతుంది. ఉద్యోగం పోయి ఆరు నెలలుగా చిరాకు పడుతున్నవాడికీ, బిడ్డను పోగొట్టుకుని ముడుచుకుపోయిన తల్లికీ ఈ పేరు పెట్టకూడదు. పదహారేళ్ళ పిల్లవాడి మంకుపట్టు చూసి కూడా తొందరపడి పెట్టకూడదు.

రెండోది, ఎక్కడెక్కడ? ఆఫీసులోనూ, ఇంట్లోనూ, స్నేహితులతోనూ, చుట్టాలతోనూ ఇదే తంతు అయితే ఆలోచించాలి. అందరితో మంచిగా ఉండి ఒక్క అత్తగారితోనే పొసగని కోడలు రోగి కాదు. అక్కడ ఉన్నది తగాదా.

మూడోది, వంగుతుందా? సమయాన్ని బట్టీ, మనుషుల్ని బట్టీ కాస్తయినా మారగలరా? తప్పు జరిగిందని ఒక్కసారైనా అనుకోగలరా?

నాలుగోది, ఎవరు నష్టపోతున్నారు? ఉద్యోగాలు నిలవకపోవడం, స్నేహాలు తెగిపోవడం, పిల్లలు భయంతో బతకడం, మనిషి తనలో తాను కుమిలిపోవడం - ఇవేవీ లేకుంటే అది వేపకాయే. వదిలెయ్యండి.

ఇక్కడ ఒక హెచ్చరిక. నలభై అయిదేళ్ళదాకా నెమ్మదిగా ఉన్న మనిషి ఉన్నట్టుండి కోపిష్టిగానో, సిగ్గు లేనివాడుగానో, దుబారా మనిషిగానో మారితే అది స్వభావం కాదు. థైరాయిడ్ గ్రంథిలో తేడా, మెదడులో గడ్డ, తలకు తగిలిన దెబ్బ, తాగుడు, మతిమరుపు జబ్బు, మానసిక కుంగుబాటు, వాడే మందుల ప్రభావం - వీటిలో ఏదైనా కారణం కావచ్చు. "వయసు మీద పడి బుద్ధి మారింది" అనుకుని కూర్చోకుండా వెంటనే డాక్టరుకు చూపించండి.

మన ఇళ్ళ పద్ధతులను కూడా దృష్టిలో ఉంచుకోవాలి. చీర కొనడానికి కూడా అత్తగారిని అడిగే కోడలు ఉమ్మడి కుటుంబంలో మామూలు మనిషే. ఆమెను ఇంకొకరి మీద ఆధారపడే రుగ్మత గల మనిషి అనడం తెలివితక్కువ. ఆ ఇంటి అలవాటును మించి, తన పరువూ ప్రాణమూ పోతున్నా ఒంటరిగా ఒక్క నిర్ణయం తీసుకోలేనప్పుడు మాత్రమే ఆ అనుమానం రావాలి.

పది పేర్లు, అయిదు గుణాలు

అమెరికన్ మానసిక వైద్యుల సంఘం 2013లో ప్రచురించిన గ్రంథంలో వ్యక్తిత్వ రుగ్మతలకు పది పేర్లు ఉన్నాయి. పేర్లు పక్కన పెట్టి చూస్తే అన్నీ మనకు తెలిసిన గుణాలే. జాగ్రత్తపరుడు లోకమంతా తనకు గోతులు తవ్వుతోందని నమ్మేదాకా వెళితే ఒకటి. సిగ్గరి, ఎవరేమనుకుంటారోనని ఉద్యోగాలూ పెళ్ళి సంబంధాలూ వదులుకుంటే ఒకటి. నలుగురి మెప్పు కోరేవాడు, మెప్పు లేనిదే క్షణం నిలవలేకపోతే ఒకటి. తన మీద తనకు గౌరవం ఉన్నవాడు, ఎదుటివాళ్ళు మనుషులే కాదనుకుంటే ఒకటి. ఈ వరసలోనే మిగిలినవీను.

అయితే ఒకే మనిషికి రెండు మూడు పేర్లు సరిపోవడం, ఒకే పేరున్న ఇద్దరు మనుషులకు పోలిక లేకపోవడం వైద్యులకు చిక్కుగా ఉండేది. అంచేత ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి, 2022 జనవరి నుంచి అమలులోకి తెచ్చిన కొత్త జబ్బుల పట్టికలో ఈ పేర్లలో చాలావాటిని తీసేశారు. ముందు ఎంత తీవ్రంగా ఉందో చూడాలి: స్వల్పం, మధ్యస్థం, తీవ్రం. తరవాత ఏ గుణం ముదిరిందో చెప్పాలి. దిగులూ కోపమూ వంటి భావాలు ముంచెత్తడం, మనుషులకు దూరంగా ముడుచుకోవడం, ఎదుటివారి బాధ లెక్కచెయ్యకపోవడం, ముందువెనక చూడని దూకుడు, అతి పద్ధతి - ఇవీ ఆ అయిదు. ఆవేశమూ అస్థిరత్వమూ ఎక్కువగా ఉండే బోర్డర్‌లైన్ అనే ఒక్క ధోరణిని మాత్రం అదనంగా రాసే వీలు ఉంచారు.

నేను మొదట చెప్పిన మామూలు మనుషుల గుణాలను ఈ అయిదింటి పక్కన పెట్టి చూడండి. ఆందోళన మితిమీరితే మొదటిది. కలిసే గుణం తీసికట్టయితే రెండోది. మెత్తదనం ఎండిపోతే మూడోది. పద్ధతి లేకపోతే నాలుగోది, పద్ధతి ముదిరితే అయిదోది! అంటే పద్ధతి అన్న మంచి గుణానికి రెండు చివరలా రెండు గోతులున్నాయి.

ఆ పట్టికలోనే ఇంకో మాట ఉంది. జబ్బు కాకపోయినా అప్పుడప్పుడు ఇబ్బందిపెట్టే స్వభావానికి విడిగా చోటు పెట్టి, దాన్ని రుగ్మత అనవద్దని చెప్పారు. మనలో చాలామందిమి ఏదో ఒక రోజున అక్కడికి వెళ్ళి వస్తూంటాం.

నేను చేసిన పొరపాటు

ఈ విషయం పుస్తకాలకే పరిమితమైతే ఇంత రాసేవాణ్ణి కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, ఒక రాత్రి డ్యూటీలో, నిద్రమాత్రలు మింగిన ఇరవయ్యేళ్ళ అమ్మాయిని తీసుకొచ్చారు. కడుపు కడిగి బతికించాం. చేతి మీద పాత గాట్లు ఉన్నాయి. స్నేహితురాలు మాట్లాడటం మానేసిందని మింగిందట. "ప్రతిదానికీ ఇంతేనండి, క్షణంలో నెత్తినెక్కించుకుంటుంది, క్షణంలో శత్రువంటుంది" అన్నాడు తండ్రి. తెల్లవారాక నేను ఆ పిల్ల మంచం దగ్గర నిలబడి, "ఈ నాటకాలు చూడటానికా మేం ఉన్నది? నిజంగా జబ్బుతో వచ్చినవాళ్ళకు మంచాలు లేవు" అని కసిరాను. కేసు షీటులో దొంగ వేషాలన్న అర్థం వచ్చే మాట కూడా రాశాను.

ఏడాది తిరక్కుండా మళ్ళీ తెచ్చారు. ఈసారి మూడు రోజులు ప్రాణాపాయంలో ఉంది. స్పృహ వచ్చాక నన్ను గుర్తుపట్టి మొహం తిప్పుకుంది. మా హెడ్ సిస్టరుగారు మంచం పక్కన కూర్చుని "ఏమైందమ్మా?" అని ఒక్క మాట అడిగింది. ఆ పిల్ల గంటసేపు మాట్లాడింది. తనకు కోపం వచ్చినా, దిగులు వచ్చినా ఒళ్ళంతా కాలినవాడికి గాలి తగిలినట్టు ఉంటుందని చెప్పింది. మానసిక వైద్యుడికి చూపిద్దామని నేను అనేసరికి తండ్రి "మా పిల్ల పిచ్చిది కాదు" అని సంతకం పెట్టి తీసుకుపోయాడు. మొదటిసారే నేను నోరు మంచిగా పెట్టుకుని ఉంటే ఆయన నా మాట వినేవాడేమో. తరవాత ఆ అమ్మాయి ఏమైందో నాకు తెలియదు.

ఇలాంటి రోగులలో ఆత్మహత్య ముప్పు నిజమైనది. "బెదిరింపులే, ఏమీ చేసుకోదు" అన్న ధీమా పనికిరాదు. చస్తానన్న ప్రతి మాటనూ నిజంగానే తీసుకోవాలి. ఆత్మహత్యాయత్నం చేసినవారు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టుగా భావించి సాయం చెయ్యాలి గాని శిక్షించకూడదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా చెబుతోంది.

నయమవుతుందా?

"అది పోయేది కాదు" అన్న తమ్ముడి మాటకు జవాబు: పూర్వం వైద్యులూ అలాగే అనుకునేవారు. అమెరికాలోని మెక్లీన్ ఆసుపత్రిలో బోర్డర్‌లైన్ రోగులు 290 మందిని ఏళ్ళ తరబడి వెన్నంటి చూస్తే, పదేళ్ళు తిరిగేసరికి ఎక్కువమందిలో ముఖ్య లక్షణాలు తగ్గిపోయాయి. అయితే ఉద్యోగం, స్నేహాలు అన్నీ సవ్యంగా కుదుటపడినవారు అంతమంది లేరు. ఉన్న నిజం రెండు వైపులా చెప్పాలి.

స్వభావాన్ని మార్చే మాత్ర లేదు. ఉన్నదని ఎవరైనా అమ్మితే కొనకండి. వెంట ఉండే కుంగుబాటుకూ, భయానికీ, నిద్రలేమికీ మందులు ఉపయోగపడతాయి. అసలు వైద్యం మాటల వైద్యం. నెలల తరబడి నిపుణులతో కూర్చుని, కోపం వచ్చినప్పుడు ఏం చెయ్యాలి, బాధను ఎలా ఓర్చుకోవాలి అని ఒక విద్యలాగా నేర్చుకోవడం. అలాంటి పద్ధతిని రూపొందించి, 1993లో గ్రంథంగా వెలువరించిన అమెరికన్ మనస్తత్వ శాస్త్రజ్ఞురాలు మార్షా లైన్‌హాన్ తానూ పడుచువయసులో ఇలాంటి బాధతోనే ఆసుపత్రిలో గడిపానని 2011లో బయటపెట్టింది. రోగిగా లోపలికి వెళ్ళిన పిల్ల నలుగురికి వైద్యం చెప్పే మనిషైంది.

ఎక్కడికి వెళ్ళాలంటారా? జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం ఉన్నచోట జిల్లా ఆసుపత్రిలోనే చూస్తారు. బోధనాసుపత్రులలో ఈ విభాగం ఉంటుంది. హైదరాబాదు ఎర్రగడ్డలోనూ, విశాఖపట్నం చినవాల్తేరులోనూ ప్రభుత్వ మానసిక వైద్యశాలలు ఉన్నాయి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్‌కు 14416 నంబరు మీద ఫోను చేస్తే ఏ వేళనైనా, ఖర్చు లేకుండా, తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఇంట్లోవాళ్ళు ఏం చెయ్యాలి?

పేరు పెట్టి పిలవకండి. పోట్లాటలో "నీకు ఆ జబ్బు ఉంది" అని విసిరిన మాట తిరిగి రాదు. ఆ మనిషిని వైద్యానికి తీసుకువెళ్ళే దారి అక్కడితో మూసుకుపోతుంది. మనిషిని గురించి కాక పనిని గురించి మాట్లాడండి. "మీరు రాక్షసులు" అనే బదులు "రాత్రి పదకొండు దాటాక పిల్లల్ని లేపి ఉంచితే బడిలో నిద్రపోతున్నారు" అనండి. గొడవ జరుగుతున్నప్పుడు కాదు, చల్లారాక చెప్పండి. ఒప్పుకోగలిగినదేదో, ఒప్పుకోలేనిదేదో ముందే చెప్పి, ఆ మాట మీద నిలబడండి. ఇవాళ వద్దని, రేపు సరేనంటే ఎవరికైనా గీత ఎక్కడుందో తెలియదు.

ఇంకో ముఖ్యమైన సంగతి. చెయ్యి చేసుకోవడం స్వభావం కిందకీ రాదు, జబ్బు పేరు చెప్పి ఓర్చుకోవలసిందీ కాదు. దెబ్బలు తింటున్న స్త్రీ ముందు తన రక్షణ, పిల్లల రక్షణ చూసుకోవాలి. మహిళల సహాయానికి 181 నంబరు ఉంది. రోగనిర్ధారణ తరవాత చేసుకోవచ్చు.

ఇక ఉత్తరం రాసిన సోదరికి:

అమ్మా! ఉత్తరం చదివి జబ్బు పేరు చెప్పే డాక్టరును నమ్మకండి, నన్నయినా సరే. ఒక్క తేడా మాత్రం గమనించండి. చేతులు పదిసార్లు కడిగేవాడు, తాళం ఇరవైసార్లు లాగి చూసేవాడు ఇది అనవసరమని తెలిసీ మానలేక తానే నలిగిపోతుంటే, అది ఓ.సి.డి. అనే వేరే జబ్బు. దానికి మందులూ ఉన్నాయి, శిక్షణా ఉంది. మీవారు మాత్రం తాను చేసేదే సరైనదని నమ్ముతుంటే, నలిగేది మీరూ పిల్లలూ అయితే, అది స్వభావం తాలూకు వ్యవహారం.

మీవారి గుణం వంగుతుందేమో చూడండి. పది గంటల లెక్క మానమనకండి. ఆదివారం ఒక్క రోజు సెలవు అడగండి. పిల్లల గది వాళ్ళ ఇష్టప్రకారం ఉంచుకుంటారని చెప్పండి. గొణుగుతూనైనా ఒప్పుకుంటే అది వేపకాయే. మెల్లగా ఒకటొకటే అడుగుతూ పోవచ్చు. ఆ ఒక్క రోజు కూడా ఇవ్వలేక, నిద్ర పట్టక, కోపంతో ఇల్లంతా ఎగరగొడితే నిపుణుల సాయం కావాలని అర్థం. అప్పుడు "మీకు జబ్బు" అని తీసుకెళ్ళకండి. "మీకు నిద్ర సరిగా పట్టడం లేదు, రక్తపోటు చూపిద్దాం" అనండి, నిజమే గనక. డాక్టరుగారికి మిగతా సంగతి మీరు చెప్పండి. ఆయన రానంటే మీరొక్కరే వెళ్ళి సలహా అడగండి. అందులో తప్పు లేదు.

మీ అత్తగారు చెప్పినట్టు ఆయన పద్ధతైన మనిషే కావచ్చు. మీ తమ్ముడు చెప్పినట్టు ఆయనకు సాయమూ అవసరమే కావచ్చు. రెండూ ఒకే మనిషిలో ఉండగలవు. పిల్లలు గుమ్మంలోకి ఎదురు వెళ్ళడం లేదని రాశారు చూడండి, ఉత్తరమంతటిలో నాకు బరువుగా తోచిన మాట అది. ఆ మాట ఆయనకు ఎవరూ చెప్పి ఉండరు. కోపంగా కాకుండా, ఒక రోజు తీరిగ్గా, మీరే చెప్పండి.